పెళ్ళికి ముందు మీరిద్దరూ ఏమవుతారు?

దసరా సెలవుల తర్వాత పెట్టిన యూనిట్ టెస్ట్ పేపర్లు దిద్దుతున్నాను. తొమ్మిదో తరగతి, బయాలజీ. మధ్యాహ్నం భోజనాల బెల్లు కొట్టాక స్టాఫ్ రూములో అరగంట ఖాళీ దొరికితే కట్టలో సగం అవగొట్టొచ్చు. ఇరవయ్యోదో, ఇరవై ఒకటోదో పేపరు చేతికొచ్చింది. మొదటి లైను ఫరవాలేదు. రెండో లైనుకి అక్షరాలు చిన్నవయ్యాయి. పేజీ సగానికి వచ్చేసరికి ఒత్తులు ఒకదాని మీద ఒకటి పడి, గీత మీద నిలవకుండా వాక్యాలు కిందికి జారిపోతున్నాయి. విసుగొచ్చింది. ఎర్ర పెన్నుతో మార్జిన్లో 'దరిద్రపు రాత. నిర్లక్ష్యం' అని రాసి, ఎవరిదా అని పేజీ తిప్పి పేరు చూశాను.

సౌమ్య, 9-బి. మా పెద్దమ్మాయి.

అంతకు ముందు ఏడాది వరకూ ఆ పిల్ల నోటుబుక్కు చూపించి, మిగతా పిల్లలకు 'ఇలా రాయండి' అని చెప్పేవాళ్ళం.

నేను నందిగామ దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో బయాలజీ టీచర్ని. ఇల్లు జగ్గయ్యపేటలో. సౌమ్యని రోజూ బండి మీద వెంటబెట్టుకుని హైవే మీద వచ్చి పోతుండేవాణ్ణి. ఈ మొత్తంలో తెలియక చేశానని చెప్పుకునే అవకాశం నాకు లేదు. అందుకే నా సబ్జెక్టు ఏమిటో ముందే చెబుతున్నాను.

ఆ సాయంత్రం ఇంటికొచ్చాక పేపరు ముందు పెట్టి అడిగాను.

"ఏంటమ్మా ఈ రాత?"

"చెయ్యి నా మాట వినట్లేదు నాన్నా" అంది.

సాకు చెబుతోందనుకున్నాను. రోజుకు రెండు పేజీలు కాపీ రైటింగ్ రాయమన్నాను. నెల రోజులు రాసింది. ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని రాసేది. అది చూసి కూడా, ఫోను తగ్గించమని కేకలేశాను.

సంక్రాంతి దాటేసరికి మాట మారింది. నోట్లో ఏదో పెట్టుకుని మాట్లాడుతున్నట్టు ముద్దగా వచ్చేది. నిద్ర లేచేసరికి దిండు తడిసి ఉండేది, చొంగ. పద్నాలుగేళ్ళ పిల్లకి చొంగ ఏమిటి? ఉన్నట్టుండి కోపం, ఉన్నట్టుండి ఏడుపు. స్కూల్లో మా లెక్కల మేడం, "పిల్లకి పొగరెక్కువైంది మాస్టారూ, అడిగితే నోరు తెరిచి సమాధానం చెప్పదు" అంది. ప్రేయర్ లో నిలబడి ఒకసారి పక్కకి తూలి పడిపోయింది. పిల్లలు నవ్వారు.

మా ఇంటి సంగతి ఇప్పుడు చెప్పాలి.

నా భార్య పద్మ నా అక్క కూతురు. అక్క వాళ్ళది వత్సవాయి అవతల ఊరు. బావ చిన్న వయసులోనే పోయాడు. అక్కకి పద్మ, దాని తర్వాత చాలా ఏళ్ళకి సురేష్. నాకు ఉద్యోగం వచ్చిన ఏడాదే మా అమ్మ పెళ్ళి మాట తెచ్చింది. నాకప్పుడు ఇరవై ఏడు. పద్మకి పద్దెనిమిది నిండి నెలలైంది. పుట్టినప్పటి నుంచీ నేను ఎత్తుకు తిప్పిన పిల్ల, నన్ను మావయ్యా అని పిలిచే పిల్ల.

"అమ్మా, దగ్గర చుట్టరికంలో చేసుకుంటే పిల్లలకి జబ్బులొస్తాయి. నేను పదో తరగతికి చెప్పే పాఠమే అది" అన్నాను.

"పాఠాలు బళ్ళో చెప్పుకో. నేను మా మేనబావని చేసుకోలా? నువ్వు పుట్టలా? నీకేం తక్కువైందిరా?" అంది అమ్మ. "తండ్రి లేని పిల్ల. బయటికిస్తే ఏడిపిస్తారు. అక్క కన్నీళ్ళు తుడవలేని చదువు ఎందుకు నీకు?"

నేను ఒక్కసారే వద్దన్నాను. రెండోసారి అనలేదు. అమ్మ మాట కాదనలేక అని అందరితో చెప్పేవాణ్ణి. అసలు సంగతి నాకు హాయిగా ఉండటం. తెలిసిన పిల్ల, తెలిసిన వంట, అక్కే అత్త. వద్దనగలిగే వయసూ, చదువూ, ఉద్యోగమూ ఆ ఇంట్లో నా ఒక్కడికే ఉన్నాయి. పద్మని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

జగ్గయ్యపేటలో మొదట చూపించిన డాక్టరు నీరసం అన్నాడు. బలానికి టానిక్కు, బి-కాంప్లెక్స్ రాశాడు. రెండు నెలలు తాగించాం. అమ్మ తన వంతుగా పొద్దున్నే పరగడుపున రాగి చెంబులో రాత్రి నిలవబెట్టిన నీళ్ళు తాగించేది. ఆరోగ్యానికి మంచిదని చిన్నప్పటి నుంచీ మా ఇంట్లో అందరికీ అదే అలవాటు.

తర్వాత నందిగామలో ఒక ఫిజీషియన్ దగ్గరికి తీసుకెళ్ళాను. అమ్మ కూడా వచ్చింది. ఆయన జాగ్రత్తగానే చూశాడు. చేతులు చాపమన్నాడు, మునివేళ్ళు ముక్కుకి తాకించమన్నాడు. సౌమ్య చెయ్యి ముక్కు దగ్గరకొచ్చేసరికి కోడి రెక్క కొట్టుకున్నట్టు కొట్టుకుంది. ఆయన పెన్ను పట్టుకుని తలెత్తకుండానే అడిగాడు.

"మేనరికమా?"

నేను నోరు తెరిచేలోపే అమ్మ అందుకుంది. "అబ్బే, లేదండీ. బయటి సంబంధమే. కోడలిది వత్సవాయి అవతల."

వత్సవాయి అవతల అన్నది నిజమే.

ఆ గదిలో పక్కనే నిలబడ్డ నర్సు మా స్కూల్లో చదివిన అమ్మాయి. నన్ను చూడగానే నమస్తే సార్ అంది. పదో తరగతిలో అనువంశికత పాఠం ఆ అమ్మాయికి చెప్పింది నేనే. ఆ పిల్ల ఎదురుగా, అవును మేనరికమే, అక్క కూతురే అని నా నోటితో చెప్పలేకపోయాను. డాక్టరు కాగితం మీద ఏదో కొట్టేసుకున్నాడు.

"అడాలసెంట్ స్ట్రెస్ అయ్యుండొచ్చు. ఒకసారి సైకియాట్రిస్టుకి చూపించండి" అన్నాడు.

బయటికొచ్చాక అమ్మని అడిగాను, ఎందుకట్లా చెప్పావని.

"ఎందుకేంటి? వాళ్ళు ప్రతిదానికీ మేనరికం మీదకి తోసేస్తారు. రేపు సురేష్ కి పిల్లనివ్వరు, బుజ్జికి సంబంధం రాదు" అంది. బుజ్జి మా రెండో అమ్మాయి. అప్పటికి దాని వయసు తొమ్మిది.

విజయవాడలో సైకియాట్రిస్టు అడిగినా అదే జవాబు చెప్పాం. ఈసారి అమ్మ రాలేదు. చెప్పింది నేనే. ఒకసారి మింగిన మాట రెండోసారి ఇంకా తేలిగ్గా దిగుతుంది. ఆయన కోపం తగ్గడానికి, నిద్రకి మాత్రలిచ్చాడు. అవి వేసుకోవడం మొదలెట్టాక సౌమ్య కర్రలా బిగుసుకుపోయింది. కుడి చెయ్యి మోచేతి దగ్గర వంకర తిరిగింది. మెడ ఒక పక్కకి లాగేసింది. మొహం మీద ఎప్పుడూ ఒక నవ్వు అతికించినట్టు ఉండేది, ఏడుస్తున్నా సరే. అన్నం ముద్ద తన చేత్తో నోటికి పెట్టుకోలేకపోయేది. స్కూలు మానిపించాం. బండి మీద వెనక సీటు ఖాళీగా స్కూలుకి పోయేవాణ్ణి.

రాత మారిన రోజు నుంచి అప్పటికి పది నెలలు.

చివరికి ఆ సైకియాట్రిస్టే, ఇది మా లైను కాదనిపిస్తోందని, విజయవాడలోనే ఒక న్యూరాలజిస్టు దగ్గరికి పంపాడు. కుర్ర డాక్టరు. ముప్పై అయిదు కూడా ఉండవు. సౌమ్యని నడవమన్నాడు, మాట్లాడించాడు, పాత కాగితాలన్నీ చదివాడు. ఆ రోజు అమ్మ కూడా వచ్చింది. ఆయన అమ్మ వైపు తిరిగి, "మామ్మగారూ, మీరు పాపని తీసుకుని కాసేపు బయట కూర్చోండి" అన్నాడు. తలుపు మూసుకున్నాక మా ఇద్దరినీ చూసి అడిగాడు.

"పెళ్ళికి ముందు మీరిద్దరూ ఏమవుతారు?"

మేనరికమా అని అడిగితే కాదని చెప్పే అలవాటు నాకు అయిపోయింది. ఇలా అడిగితే ఏం చెప్పాలో తోచలేదు. పద్మ చెప్పింది. ఇన్ని ఆసుపత్రులు తిరిగినా తను నోరు విప్పి మాట్లాడటం అదే మొదలు.

"మా మావయ్యండి. మా అమ్మ తమ్ముడు."

డాక్టరు పెన్ను కింద పెట్టాడు. పాపని లోపలికి పిలిచి టార్చి వేసి కళ్ళలోకి చాలాసేపు చూశాడు. "పక్క బిల్డింగులో కంటి డాక్టరు దగ్గర స్లిట్ ల్యాంప్ ఎగ్జామినేషన్ చేయించుకుని రండి, ఇప్పుడే" అన్నాడు.

కంటి డాక్టరు కాగితం మీద కె.ఎఫ్. రింగ్ ప్రెజెంట్ అని రాసిచ్చింది. నల్లగుడ్డు అంచున, చుట్టూ, గోధుమ రంగు పలచటి వలయం. ఆ తర్వాత నేనూ వెలుతురులో పెట్టి చూశాను, కనిపించింది. రోజూ ఎదురుగా కూర్చుని అన్నం తిన్న పిల్ల కళ్ళలో ఉన్నది నాకు కనిపించలేదు. రక్తంలో రాగిని మోసే సెరులోప్లాస్మిన్ ప్రొటీను బాగా తక్కువ. ఒక రోజంతా మూత్రం పట్టి చేసిన యూరిన్ కాపర్ టెస్టులో రాగి చాలా ఎక్కువ. ఎం.ఆర్.ఐ.లో మెదడులో మార్పులు.

"విల్సన్స్ డిసీజ్" అన్నాడు డాక్టరు. "మనం తినేదాంట్లో ఉండే రాగిని లివర్ బయటికి పంపేయాలి. ఈ పాపకి ఆ పని జరగట్లేదు. పుట్టినప్పటి నుంచీ లివర్లో, మెదడులో, కళ్ళలో పేరుకుంటూ వచ్చింది. ట్రీట్‌మెంట్ ఉంది. జీవితాంతం వాడాలి. ఏడాది ముందొస్తే ఇంత డ్యామేజ్ ఉండేది కాదు."

"రాగి చెంబులో నీళ్ళు తాగించేవాళ్ళమండి. దానివల్లా?" అంది పద్మ.

"చెంబు వల్ల వచ్చింది కాదమ్మా. ఇకమీదట మాత్రం వద్దు. ఇది ఆటోసోమల్ రిసెసివ్. అంటే..." అని ఆగి, నా వైపు చూశాడు. "మీరేం చేస్తారు సార్?"

"టీచర్నండి."

"ఏ సబ్జెక్టు?"

"బయాలజీ."

ఆయన వివరించడం ఆపేసి, ప్రిస్క్రిప్షన్ రాయడం మొదలెట్టాడు. తిట్టి ఉంటే బాగుండేది.

రాస్తూ రాస్తూ అడిగాడు, "ఇంకా పిల్లలున్నారా?"

"ఒక అమ్మాయండి. తనకేం లేదు, బాగుంది" అన్నాను.

"బాగున్నప్పుడే టెస్ట్ చేయాలి. రేపే తీసుకురండి."

బుజ్జి ఆ సమయానికి వీధిలో తొక్కుడుబిళ్ళ ఆడుతోంది. దానికి జ్వరం కూడా వచ్చి ఎరగదు. రక్తం తీస్తే ఏడ్చి, ఆసుపత్రి బయట పుల్ల ఐసు కొనిపించుకుంది. వారం తర్వాత రిపోర్టు వచ్చింది. దానికీ అదే. లివర్ ఎంజైములు అప్పటికే పెరిగి ఉన్నాయి.

ల్యాబ్ బయట బెంచీ మీద కూర్చున్నాం. పద్మ రిపోర్టు నా చేతిలో పెట్టి, "ఇద్దరికీ ఎట్టా వచ్చింది? నాకు అర్థమయ్యేట్టు చెప్పు" అంది. కవరు వెనక నాలుగు గళ్ళు గీశాను. ఇరవై ఏళ్ళుగా బోర్డు మీద గీస్తున్న గళ్ళే. నీ దగ్గర ఒక చెడ్డ జన్యువు ఉంది, నా దగ్గర అదే ఉంది. ఒక్కటే ఉంటే మనకేం కాదు, రెండో మంచి జన్యువు పని నడిపిస్తుంది. బిడ్డకి రెండు వైపుల నుంచీ చెడ్డదే వస్తే జబ్బు. ప్రతి కాన్పుకీ నాలుగింట ఒక వంతు ముప్పు. బయటివాళ్ళని చేసుకున్నా రావచ్చు, కాని ఒకే ఇంట్లో వాళ్ళమైతే ఇద్దరి దగ్గరా అదే ఉండే అవకాశం చాలా ఎక్కువ. ఇవన్నీ చెప్పాను. బాగా చెప్పాను, పాఠం చెప్పినట్టే.

పద్మ గళ్ళ వంక చూస్తూ అడిగింది.

"మావయ్యా, ఇది నీకు పెళ్ళికి ముందే తెలుసా?"

"తెలుసు."

"మరి నాకెందుకు చెప్పలా?"

కవరు మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆ రోజు నుంచి పద్మ నన్ను మావయ్యా అని పిలవడం మానేసింది. ఏమండీ అంటుంది, అందరి భార్యల లాగే. భర్తతో గొడవపడితే ఆడవాళ్ళు పుట్టింటికి వెళ్తారు. తనకి ఆ దారీ లేదు. పుట్టింట్లో ఉన్నది మా అక్క, ఇక్కడ ఉన్నది మా అమ్మ. ఎక్కడికెళ్ళినా నా వాళ్ళే.

పెనిసిలమైన్ అనే మందు మొదలుపెట్టారు. పరగడుపున వేయాలి, వేశాక గంట దాకా ఏమీ పెట్టకూడదు. దాంతో పాటు బి6. కాలేయం, జీడిపప్పు, పల్లీలు, నువ్వులు, చాక్లెట్లు, పుట్టగొడుగులు బంద్. మందు పడింది కదా, ఇక కోలుకుంటుందనుకున్నాం. మూడో వారానికి సౌమ్యకి ఉన్న మాట కూడా పోయింది. మింగడం పోయింది. నీళ్ళు తాగితే ముక్కులోంచి వచ్చేవి. అడ్మిట్ చేసి, ఆహారం పోయడానికి ముక్కులోంచి పొట్టలోకి రైల్స్ ట్యూబ్ వేశారు.

"కొంతమందికి మొదట్లో ఇలా పెరుగుతుంది. పేరుకున్న రాగి కదులుతోంది. డోసు తగ్గించి జింక్ కలుపుదాం. మీ అంతట మీరు మాత్రం ఆపొద్దు" అన్నాడు న్యూరాలజిస్టు.

ఆ రోజుల్లో చుట్టాలందరూ వచ్చి చూసి పోయారు. విషయం ఎలా తెలిసిందో గాని, అందరూ రాగి చెంబునే తిట్టారు. ముసలామె చెంబు నీళ్ళు పోసి పిల్లని పాడు చేసిందన్నారు. మేనరికం మాట ఒక్కరూ ఎత్తలేదు. ఎత్తితే వాళ్ళ ఇళ్ళలో సగం పెళ్ళిళ్ళ గురించి మాట్లాడాలి. చెంబుని తిట్టడం సులువు, దానికి చుట్టరికం లేదు. అమ్మ ఆ చెంబుని పాత సామాన్లవాడికి ఇచ్చేసి, వారం రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

అప్పుడే ఒక మధ్యాహ్నం ఆసుపత్రి వరండాలో అమ్మని అడిగాను. "నాకు ముందు నీకు ఇద్దరు పిల్లలు పోయారంటావు కదా. ఎట్టా పోయారు?"

"ఒకడు పురిట్లోనే. పెద్దాడు పదేళ్ళప్పుడు. కామెర్లన్నారు. పసరు పోయించాం, తగ్గలా. పొట్ట ఉబ్బిపోయింది."

"అంతేనా?"

"పోయే ముందు మాట ముద్దముద్దగా వచ్చేదిరా. చేతులు వణికేవి. దెయ్యం పట్టిందన్నారు." వార్డు తలుపు వైపు చూసింది. "సౌమ్య మాట అట్టా వస్తంటే నాకు వాడే గుర్తొచ్చాడు."

"గుర్తొస్తే చెప్పవా?"

"చెప్తే మన వంశంలోనే ఉందంటారుగా."

తల్లిని కొట్టాలనిపించిన రోజు అది. కొట్టలేదు. చెయ్యెత్తే అర్హత నాకు లేదని కూడా తెలుసు. అమ్మకి తెలిసింది ఒక పిల్లవాడి గుర్తు. నాకు తెలిసింది మొత్తం పాఠం. ఇద్దరం కలిసి నెలల తరబడి దాచాం.

రైల్స్ ట్యూబుతో ఏడు వారాలు గడిచాయి. ట్యూబు తీసేశాక పద్మ చెంచాతో బియ్యపు జావ కొంచెం పెట్టింది. సౌమ్య గుటక వేసింది. మళ్ళీ పెట్టింది. మొహం చిట్లించి, సగం మాటగా, సగం మూలుగుగా, "ఉప్పు లేదు" అంది. పద్మ గట్టిగా నవ్వి, అంతలోనే చీర చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. పక్క బెడ్డు వాళ్ళు లేచి వచ్చారు ఏమైందోనని. ఆ నలభై తొమ్మిది రోజుల్లో మాకు మంచి జరిగింది ఆ ఒక్క మాటే.

ఇంటికొచ్చాక ఫిజియోథెరపీ, స్పీచ్ థెరపీ. గోడ పట్టుకుని నిలబడటానికి రెండు నెలలు. తనంతట తను నడవడానికి ఇంకో నాలుగు. మెడ లాగడం తగ్గింది. మధ్యలో ఒకసారి, బాగానే ఉంది కదా అని సౌమ్యే విసిగిపోయి పన్నెండు రోజులు మాత్రలు దిండు కింద దాచేసింది. నడక మళ్ళీ తూలింది. అది సరికావడానికి మూడు నెలలు పట్టింది. నేను కోప్పడబోతే, "నువ్వూ దాచావుగా నాన్నా" అంది. ఇంట్లో మాటలు పిల్లల చెవిన పడవనుకోవడం మన పిచ్చి.

బుజ్జి సంగతి వేరు. రోజూ మందు వేసుకుంటుంది, ఆరు నెలలకోసారి టెస్టులు. ఇప్పుడు తొమ్మిదో తరగతి. ఖోఖో జట్టులో ఉంది. దాని రాత ముత్యాల్లా ఉంటుంది. ఒకే జబ్బు, ఒకే ఇల్లు. ఒకరికి ముందు తెలిసింది, ఒకరికి ఆలస్యంగా తెలిసింది. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని అన్నం తింటుంటే ఆ తేడా చూడటమే నాకు రోజూ శిక్ష. బుజ్జి చక్కగా కలుపుకుని తింటుంది. సౌమ్య ఎడమ చేత్తో స్పూను పట్టుకుంటుంది.

సౌమ్య పదో తరగతి రెండేళ్ళు ఆలస్యంగా, తను చెబితే రాసే స్క్రైబ్‌ని పెట్టుకుని రాసింది. ఇప్పుడు జగ్గయ్యపేటలోనే ఇంటర్ చదువుతోంది. మాట నెమ్మదిగా వస్తుంది, కొత్తవాళ్ళకి రెండోసారి చెప్పాల్సి వస్తుంది. వాళ్ళు విసుక్కుంటే ఫోనులో టైపు చేసి చూపిస్తుంది.

మొన్న వేసవిలో అక్క వచ్చింది. మామిడికాయలు తెచ్చింది. భోజనాలయ్యాక అమ్మ, అక్క ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అమ్మే మొదలెట్టింది.

"సౌమ్యకి పద్దెనిమిది దాటాయి. బయటివాళ్ళు ఎవరు చేసుకుంటార్రా దీన్ని? సురేష్ చేసుకుంటానంటున్నాడు. మన పిల్లని మనమే కడుపులో పెట్టుకోవాలి."

సురేష్ పద్మకి సొంత తమ్ముడు. సౌమ్యకి మేనమామ. నేను పద్మని చేసుకున్న వరసే.

వాళ్ళ మొహాల్లో దుర్మార్గం ఏమీ లేదు. నిజంగా ప్రేమతోనే అడుగుతున్నారు. పాతికేళ్ళ కిందట మా పెళ్ళి మాట్లాడినప్పుడూ ఇలాగే ప్రేమగా మాట్లాడారు.

"అక్కా, వాడికీ ఆ జన్యువు ఉంటే పుట్టేవాళ్ళలో ఈసారి సగానికి సగం ముప్పు. నాలుగింట ఒకటి కూడా కాదు" అన్నాను.

"మందుందిగా ఇప్పుడు? పుట్టగానే మొదలెడితే సరి. బుజ్జి బాగా లేదా?" అంది అక్క.

పద్మ గిన్నెలు కడుగుతున్నదల్లా తడి చేతులతో వచ్చి గుమ్మంలో నిలబడింది. "అప్పుడు నన్ను అడిగావా అమ్మా?" అంది వాళ్ళమ్మని. "పెళ్ళిచూపులు కూడా లేవు. మావయ్యకి ఏం చూపులే అన్నారు. ఇప్పుడు దాన్ని అడుగు. అదేం చెప్తే అదే."

అందరం సౌమ్య వైపు తిరిగాం. తను తొందరపడలేదు. మాట కూడబలుక్కోవడానికి తనకి ఎప్పుడూ కొంచెం సమయం పడుతుంది. అక్క మధ్యలో ఏదో అనబోతే పద్మ చేత్తో ఆపింది.

"మామయ్య... నాకు మామయ్యే, అమ్మమ్మా. చిన్నప్పటి నుంచీ మామయ్యే. జాలితో... మొగుణ్ణి తేవద్దు. నాకు డిగ్రీ ఫీజు కట్టమను, చాలు."

ఒక్కొక్క మాట విడివిడిగా, అక్కడక్కడా చొంగ తుడుచుకుంటూ చెప్పింది. అంత స్పష్టమైన మాట మా ఇంట్లో మూడు తరాలుగా ఎవరూ మాట్లాడలేదు. అక్క ఏడ్చుకుంటూ నాలుగు గంటల బస్సుకి వెళ్ళిపోయింది. అప్పటి నుంచి మాతో సరిగ్గా మాట్లాడటం లేదు. సురేష్ మాత్రం ఆ రాత్రే ఫోను చేసి, "బతికించావే తల్లీ" అన్నాడట సౌమ్యతో. వాణ్ణీ ఎవరూ అడగలేదన్నమాట.

మా ఇంట్లో ఇప్పుడు పొద్దున్నే ఆరింటికి మాత్రలు, ఏడింటికి టిఫిను, ఏడున్నరకి సౌమ్య వ్యాయామాలు. ఈ వరస తప్పదు, తప్పనివ్వం. నేను స్కూల్లో అనువంశికత పాఠం చెప్పేటప్పుడు బఠాణీ మొక్కలతో ఆపడం లేదు. మా ఇంట్లో జరిగిందే చెబుతున్నాను. ఒకరిద్దరు తల్లిదండ్రులు హెడ్మాస్టరు దగ్గరికి వెళ్ళి, పిల్లలకి ఈ విషయాలు ఎందుకని ఫిర్యాదు చేశారు. చేసుకోనీ.

ఇది చదివే తల్లిదండ్రులకి ఒక్క పని చెబుతాను. మేనరికం అయినా కాకపోయినా, మీ ఇంట్లో అందరికన్నా పెద్దావిడ బతికి ఉండగానే పక్కన కూర్చోండి. ఒక తెల్లకాగితం తీసుకోండి. ఎవరు ఎవరిని చేసుకున్నారు, ఎంతమంది పిల్లలు పుట్టారు, ఎవరు చిన్నతనంలో పోయారు, పోయే ముందు ఎలా ఉన్నారు, అన్నీ అడిగి రాయండి. ఏడిస్తే ఏడవనివ్వండి, అడగడం మాత్రం ఆపకండి. ఆ కాగితాన్ని పిల్లల ఆసుపత్రి ఫైల్లో అన్నిటికన్నా పైన పెట్టండి. పెళ్ళి మాటలకి వెళ్ళేటప్పుడు కూడా ముందు దాన్నే చూపించండి.

మా అమ్మ చెబుతుంటే మా ఇంటి కాగితం రాయడానికి నాకు ఇరవై నిమిషాలు పట్టింది.